కూర్చుని వినండి, నచ్చకపోతే ఆపేస్తాం: హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి)

(సీరత్ సభలో, అంటే ప్రవక్త ముహమ్మద్ (స) జీవితం గురించి చెప్పుకునే సభలో, చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. పేర్ల పక్కన (స) అంటే ప్రవక్తకు శాంతి కలగాలన్న ప్రార్థన, (రజి) అంటే ఆయన సహచరుల పట్ల దేవుడు ప్రసన్నుడు కావాలన్న ప్రార్థన.)

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు. మన సభకు వచ్చిన హిందూ, క్రైస్తవ మిత్రులకు నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? అమ్మల వైపు కూడా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ప్రవక్త (స) సహచరుడు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గురించి చెప్పమన్నారు. ఆయన పేరు వినగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఒకటే. కఫన్, అంటే శవానికి చుట్టే గుడ్డ. తల కప్పితే కాళ్లు బయటపడ్డాయి, కాళ్లు కప్పితే తల బయటపడింది. మౌల్వీ సాబ్ ఆ మాట చెప్పేసరికి ఆయన గొంతు పూడుకుపోతుంది, మనం కళ్లు తుడుచుకుంటాం, ఇంటికి వెళ్లిపోతాం. నేను కూడా ఆ సంగతి చెప్తాను. బుఖారీ గ్రంథంలో ఉన్న హదీసు, అంటే ప్రవక్త (స) మాటలూ చేతలూ చెప్పే కథనం అది, చెప్పకుండా ఎలా ఉంటాను? కానీ నా బాధ ఒకటుంది. ఆయన చనిపోయిన రోజు గురించి మనకు తెలిసినంత, ఆయన బతికిన రోజుల గురించి తెలియదు. షహీద్, అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చినవాడు, అనగానే నేరుగా చావు దగ్గరికి వెళ్లిపోతాం. దానికి ముందు ఆ మనిషి ఏం చేశాడు? ఎవరితో మాట్లాడాడు? ఎలా మాట్లాడాడు? ఇవాళ ఎక్కువ సేపు అక్కడే ఉంటాను. ఆయన ప్రాణమిచ్చిన ఉహుద్ యుద్ధం దగ్గరికి తర్వాత వెళ్దాం.

మక్కాలో ఖురైష్ తెగ. ఆ తెగలో ఎన్నో వంశాలు. అందులో ఒకటి అబ్దుద్దార్ వంశం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కాబా దగ్గర ఎవరి వంశానికి ఏ బాధ్యత అన్నది వాళ్లు ముందే పంచుకున్నారు. యాత్రికులకు నీళ్లివ్వడం, భోజనం పెట్టడం వేరే వంశాలవి. కాబా తాళంచెవి, యుద్ధంలో జండా, ఈ రెండూ అబ్దుద్దార్ వాళ్లవి. యుద్ధం వస్తే ఖురైష్ జండా పట్టుకునే హక్కు ఇంకెవరికీ లేదు. తాతల నాటి హక్కు. అలాంటి ఇంట్లో పుట్టారు ముస్అబ్.

తల్లి పేరు ఖునాస్ బింత్ మాలిక్. బాగా డబ్బున్న మనిషి, మాట మీద నిలబడే మనిషి. కొడుకంటే ప్రాణం. మక్కాలో దొరికే బట్టల్లో మేలైనవి కొడుక్కి కట్టించేది. కాళ్లకు హజ్రమౌత్ చెప్పులు. హజ్రమౌత్ అంటే యమన్ వైపు ప్రాంతం, అక్కణ్ణుంచి తెప్పించిన చెప్పులన్నమాట. ఇక అత్తర్ సంగతి చెప్పనక్కర్లేదు. మక్కా వాళ్లలో అందరికంటే ఎక్కువ పరిమళం పూసుకునే మనిషి ఈయనేనని చరిత్రకారుడు ఇబ్న్ సఅద్ రాశారు. ప్రవక్త (స) కూడా తర్వాతి రోజుల్లో తలుచుకున్నారట: "మక్కాలో ముస్అబ్ కంటే అందమైన జుట్టు, మెత్తని బట్టలు, సుఖమైన బతుకు ఉన్నవాణ్ణి నేను చూడలేదు" అని.

ఇక్కడ ఒక మాట. కొన్ని వీడియోల్లో ఆయన్ను పదహారేళ్ల కుర్రాడిగా చూపిస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ ఉహుద్‌లో షహీద్ అయ్యేటప్పటికి ఆయనకు నలభై ఏళ్లు, లేదా ఇంకాస్త ఎక్కువ అని ఇబ్న్ సఅద్ రాశారు. లెక్క వేసుకోండి. ఇస్లాంలోకి వచ్చే నాటికి ముప్ఫైకి అటూ ఇటూ. పదహారేళ్ల వయసులో ఆవేశంలో ఇల్లు వదిలేయొచ్చు. ముప్ఫై ఏళ్లకు? అప్పటికి సుఖం అలవాటైపోయి ఉంటుంది. ఊళ్లో పేరు ఉంటుంది. పోగొట్టుకునేదేమిటో బాగా తెలిసిన వయసది. తెలిసే వదులుకున్నారు. నాకైతే ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

సఫా కొండ దగ్గర అర్ఖమ్ గారి ఇల్లు ఉండేది. తొలి రోజుల్లో ముస్లిములు చాటుగా అక్కడ చేరేవాళ్లు. ముస్అబ్ అక్కడికి వెళ్లారు, విన్నారు, విశ్వసించారు. ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? ఊరికి భయపడి కాదు, అమ్మకు భయపడి. ఎన్ని రోజులు దాగుతుంది? ఒక రోజు నమాజు చేస్తుంటే ఒకాయన చూశాడు. ఉస్మాన్ బిన్ తల్హా. ఎవరీయన? అదే అబ్దుద్దార్ వంశం, సొంత బంధువు. వెళ్లి తల్లికి చెప్పేశాడు. ఈ ఉస్మాన్ గారిని కూడా గుర్తుపెట్టుకోండి.

తల్లి ఏం చేసింది? గదిలో పెట్టి బంధించింది. మనం ఈ కథ చెప్పేటప్పుడు ఆమెను రాక్షసిని చేసేస్తాం. అలా చేయకండి. ఆమె మక్కాలో అందరు తల్లుల లాంటిదే. కొడుకు చేయిదాటి పోతున్నాడని టెన్షన్. వంశం పరువు, దేవతల కోపం, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఈ నలుగురి భయం మన ఇళ్లలో లేదా?

ఆయన ఎలాగో తప్పించుకుని అబిసీనియా, అంటే ఇవాళ్టి ఇథియోపియా వైపు, వెళ్లే ముస్లిములతో కలిసిపోయారు. 615 ప్రాంతం. ఎర్రసముద్రం దాటి, నజాషీ అనే క్రైస్తవ రాజు నీడలోకి. కొన్నాళ్లకు, మక్కా వాళ్లు మెత్తబడ్డారన్న కబురు నమ్మి కొందరు తిరిగొచ్చారు. ఈయనా వచ్చారు. వచ్చి చూస్తే ఎవరూ మెత్తబడలేదు. తల్లి నుంచి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆయన్ను దగ్గర్నుంచి చూసిన మనిషి సఅద్ బిన్ అబీ వఖాస్ (రజి). ఆయన మాట ఒకటి ఉంది: ముస్అబ్ ఒంటి చర్మం పాము కుబుసంలా పొట్టు పొట్టుగా ఊడిపోవడం నేను చూశాను అని. ఆ మెత్తని బట్టల కింద పెరిగిన ఒళ్లు అది. ఎండకు, ఆకలికి అలవాటు లేని ఒళ్లు.

మదీనాకు వెళ్లాక జరిగిన ఇంకో సంగతి తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది, హజ్రత్ అలీ (రజి) చెప్పింది. మసీదులో కూర్చుని ఉన్నారు. ముస్అబ్ వచ్చారు. ఒంటి మీద ఒక్కటే దుప్పటి, దానికి తోలు ముక్కతో అతుకు. ఆయన్ను చూడగానే ప్రవక్త (స) ఏడ్చారు, ఒకప్పటి ఆయన, ఇప్పటి ఆయన గుర్తొచ్చి. తర్వాత అక్కడున్నవాళ్లను అడిగారు: "ఒక రోజు వస్తుంది. పొద్దున ఒక జత, సాయంత్రం ఒక జత కడతారు. ఒక పళ్లెం తీస్తుంటే ఇంకో పళ్లెం పెడతారు. కాబాకు కప్పినట్టు మీ ఇళ్లకు గుడ్డలు కప్పుకుంటారు. అప్పుడు మీరెలా ఉంటారు?" వాళ్లన్నారు, "అప్పుడు మాకు బాగుంటుంది ప్రవక్తా, పని ఉండదు, తీరిగ్గా ఆరాధన చేసుకుంటాం." ఆయనన్నారు, "కాదు. ఆ రోజు కంటే ఇవాళే మీరు బాగున్నారు."

పళ్లెం మీద పళ్లెం. మన దావత్‌లు గుర్తొస్తున్నాయా? సరే, నేనేమీ అనను. ముందుకెళ్దాం.

ఇప్పుడు అసలు చోటికొచ్చాం. 621వ సంవత్సరం. యస్రిబ్ అనే ఊరు, తర్వాత మదీనా అయిన ఊరు. అక్కడి నుంచి పన్నెండు మంది హజ్ రోజుల్లో వచ్చి, మక్కా పక్కన మినా దగ్గర అఖబా అనే చోట ప్రవక్త (స) చేతిలో చెయ్యేసి ప్రమాణం చేశారు. మాకు ఖుర్ఆన్ నేర్పడానికి ఒకరిని పంపండి అన్నారు. ఎవరిని పంపాలి? పెద్ద పెద్దవాళ్లున్నారు. బలమైనవాళ్లు, మాటకారులు, వ్యాపారంలో నలిగినవాళ్లు ఉన్నారు. ముస్అబ్‌ను పంపారు.

ఎలాంటి ఊరికి పంపారో చూడండి. ఔస్, ఖజ్రజ్ అని రెండు తెగలు. తరతరాల పగ. నాలుగైదేళ్ల ముందే బుఆస్ అనే చోట ఘోరంగా కొట్టుకున్నాయి. రెండు వైపులా పెద్ద తలకాయలు పోయాయి. ఆ వచ్చిన పన్నెండు మందిలో పది మంది ఖజ్రజ్ వాళ్లు, ఇద్దరే ఔస్ వాళ్లు. ముస్లిములయ్యారు సరే, నమాజుకు ముందు ఎవరు నిలబడాలి? ఖజ్రజ్ మనిషి ఇమామ్‌గా నిలబడితే ఔస్ వాళ్లకు మింగుడు పడదు. ఔస్ మనిషి నిలబడితే వాళ్లకు పడదు. అందుకని ముస్అబే నమాజు చేయించేవారని చరిత్రకారుడు ఇబ్న్ ఇస్హాఖ్ రాశారు. ఆలోచించండి. ఒకే దేవుడని నమ్మినవాళ్లే, పక్క తెగవాడి వెనక నిలబడలేకపోతున్నారు. ఇది పద్నాలుగు వందల ఏళ్ల నాటి సంగతా, నిన్నటి సంగతా? మసీదు కమిటీ ఎన్నికలు చూసినవాళ్లు చెప్పాలి.

ఆయన అస్అద్ బిన్ జురారా (రజి) ఇంట్లో దిగారు. అస్అద్ ఖజ్రజ్ మనిషి. ఒక రోజు ఇద్దరూ కలిసి ఔస్ వాళ్ల పేటల వైపు వెళ్లారు. బనూ జఫర్ వాళ్ల తోట, అందులో ఒక బావి. బావి పక్కన కూర్చున్నారు. ముస్లిములైనవాళ్లు కొందరు చుట్టూ చేరారు. ఈ కబురు ఇద్దరు పెద్దలకు చేరింది. ఒకరు సఅద్ బిన్ ముఆజ్, ఇంకొకరు ఉసైద్ బిన్ హుజైర్. ఇద్దరూ ఆ పేట నాయకులు, ఇద్దరూ అప్పటికి విగ్రహారాధకులే.

సఅద్‌కు ఒళ్లు మండింది. కానీ ఒక చిక్కు. అస్అద్ ఈయన తల్లి తోబుట్టువు కొడుకు. మన లెక్కలో అయితే అన్నదమ్ములే. మొహం మీద తిట్టలేడు. అందుకని ఉసైద్‌తో అన్నాడు, "నువ్వెళ్లు. మన పేటకొచ్చి మనలో అమాయకులను మోసం చేస్తున్నారు. వెళ్లి తరిమెయ్. అస్అద్ నాకు చుట్టం కాకపోతే నీ దాకా రానిచ్చేవాణ్ణి కాదు." చూశారా, చుట్టరికం ఉన్న చోట తిట్టే పని ఇంకొకరికి అప్పగించడం! మనకూ బాగా తెలిసిన పద్ధతే.

ఉసైద్ ఈటె తీసుకుని బయల్దేరాడు. దూరం నుంచి చూసి అస్అద్ చెవిలో చెప్పారు, "వస్తున్నాయన తన జనానికి నాయకుడు. దేవుడి విషయంలో ఈయన ముందు నిజాయితీగా ఉండు." ముస్అబ్ జవాబు రెండు ముక్కలు: "కూర్చుంటే మాట్లాడతాను."

కూర్చుంటే మాట్లాడతాను! ఎంత తెలివైన మాటో చూడండి. నిలబడి అరిచే మనిషితో మాట్లాడలేం. ముందు ఆయన కూర్చోవాలి.

ఉసైద్ వచ్చాడు. కూర్చోలేదు. నిలబడే తిట్టడం మొదలుపెట్టాడు. "ఎందుకొచ్చారు మీరిద్దరూ? మాలో బలహీనులను మోసం చేయడానికా? ప్రాణాల మీద ఆశ ఉంటే ఇక్కణ్ణుంచి వెళ్లిపోండి." చేతిలో ఈటె. ముస్అబ్ చేతిలో ఏమీ లేదు. ఊరు తనది కాదు. తన వాళ్లెవరూ లేరు. అప్పుడు ఆయనన్న మాట ఇదీ. జాగ్రత్తగా వినండి. "మీరు కాసేపు కూర్చుని వినండి. నచ్చితే తీసుకోండి. నచ్చకపోతే, మీకు నచ్చనిది మేం ఆపేస్తాం."

ఉసైద్ ఒక్క క్షణం ఆగాడు. "న్యాయంగా మాట్లాడావు" అన్నాడు. ఈటెను నేలలో గుచ్చాడు. కూర్చున్నాడు.

ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఏమనుకోకండి. ముస్అబ్ ఏం అనలేదో చూడండి. నేను ఎవరి కొడుకునో తెలుసా అనలేదు. నన్ను ప్రవక్త పంపారు తెలుసా అనలేదు. నువ్వు నరకానికి పోతావు అనలేదు. మీ విగ్రహాలు రాళ్లు అని మొదలుపెట్టలేదు. "నచ్చకపోతే ఆపేస్తాం" అన్నారు. అంటే ఏమిటి? మాట ఆపే అధికారాన్ని వినేవాడి చేతిలో పెట్టారు. పైగా అది ఊరికే అన్నమాట కాదు. ఉసైద్ లేచి "నచ్చలేదు" అంటే నిజంగానే సర్దుకుని వెళ్లిపోవాలి. దానికి సిద్ధపడి అన్న మాట అది. తాను చెప్పేదాని మీద అంత నమ్మకం ఉన్నవాడే అలా అనగలడు. నమ్మకం లేనివాడే గొంతు పెంచుతాడు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో డిబేట్లు. మనవాడు అవతలివాడి నోరు మూయించాడని క్లిప్ కట్ చేసి పంపుకుంటాం. లైకులే లైకులు. ఆ అవతలి మనిషి ఏమయ్యాడు? లేచి వెళ్లిపోయాడు, మళ్లీ జన్మలో మన మొహం చూడడు. ఇదేనా మనం ముస్అబ్ దగ్గర నేర్చుకున్నది? కుర్రాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి, కానీ ఇంటికెళ్లి ఫోన్ ఓసారి చూసుకోండి.

సరే, కథలోకి. ముస్అబ్ ఖుర్ఆన్ చదివి వినిపించారు. ఉసైద్ నోరు తెరవకముందే ఆయన మొహంలో మాకు తెలిసిపోయింది అని ఆ ఇద్దరూ తర్వాత చెప్పుకున్నారు. "ఎంత బాగుంది ఈ మాట! ఇందులోకి రావాలంటే ఏం చేయాలి?" అన్నాడు. స్నానం చేసి, శుభ్రమైన బట్టలు కట్టుకుని, షహాదా, అంటే విశ్వాస సాక్ష్యం, పలికి, రెండు రకాతుల (విడతల) నమాజు చేయమన్నారు. చేశాడు. చేసి, "నా వెనక ఒకాయన ఉన్నాడు. ఆయన మీ మాట విన్నాడంటే ఆయన జనంలో ఒక్కరూ వెనకపడరు. ఇప్పుడే పంపిస్తా" అని వెళ్లాడు.

దూరం నుంచి ఉసైద్‌ను చూసి సఅద్ అన్నాడట, "దేవుడి మీద ఒట్టు, వెళ్లిన మొహం వేరు, వస్తున్న మొహం వేరు." ఉసైద్ గడుసువాడు. అసలు సంగతి చెప్పలేదు. "వాళ్లతో మాట్లాడాను, తప్పేం కనపడలేదు. కానీ బనూ హారిసా వాళ్లు అస్అద్‌ను చంపడానికి బయల్దేరారట, నీ చుట్టమని తెలిసి నిన్ను అవమానించడానికట" అన్నాడు. చుట్టం అనేసరికి సఅద్ ఒక్క ఉదుటున లేచాడు. ఈటె లాక్కుని వెళ్లాడు. వెళ్లి చూస్తే ఇద్దరూ నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. చంపేవాళ్లెవరూ లేరు. తనను ఇక్కడికి రప్పించడానికే ఉసైద్ ఆ మాట అన్నాడని అర్థమైపోయింది. అస్అద్‌ను పట్టుకుని, "అబూ ఉమామా! మన మధ్య చుట్టరికం లేకపోతే నువ్వీ పని చేయగలిగేవాడివేనా?" అన్నాడు. అబూ ఉమామా అంటే అస్అద్‌కే ఇంకో పేరు.

ముస్అబ్ మళ్లీ అదే మాట. మార్చలేదు. "కూర్చుని వినండి. నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే ఆపేస్తాం." ఈయనా "న్యాయంగా మాట్లాడావు" అన్నాడు, ఈటె గుచ్చాడు, కూర్చున్నాడు. ఆ తర్వాత తన జనం దగ్గరికెళ్లి, "మీలో నా స్థానమేమిటి?" అని అడిగాడు. "మా నాయకుడివి" అన్నారు. "అయితే మీరు విశ్వసించేదాకా మీ ఆడవాళ్లతో, మగవాళ్లతో నేను మాట్లాడను" అన్నాడు. సాయంత్రానికల్లా ఆ పేటంతా ముస్లిములైపోయారు.

సఅద్ పద్ధతి వేరు, ముస్అబ్ పద్ధతి వేరు. ఒకరిది నాయకుడి మాట, ఒకరిది గురువు మాట. నాకు గురువు మాటే ఎక్కువ ఇష్టం. సఅద్ మాటకు కూడా లొంగనివాడు ఒకడున్నాడు మరి. ఇక్కడ పిల్లలకు ఒక ప్రశ్న. హజ్రత్ అబూ హురైరా (రజి) తన దగ్గరికి వచ్చినవాళ్లను అడిగేవారు: ఒక్క పూట కూడా నమాజు చేయకుండా స్వర్గానికి వెళ్లిన మనిషి ఎవరు? ఎవరైనా చెప్తారా? తెలియదా? ఆయన ఈ పేటవాడే. అమ్ర్ బిన్ సాబిత్, ఉసైరిమ్ అని పిలిచేవాళ్లు. పేటంతా మారినా ఆయన మారలేదు. మూడు నాలుగేళ్లు. మదీనా ముస్లిముల ఊరైపోయినా, ఆయన ఆయన లాగే ఉన్నాడు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. ఉహుద్ రోజున తనంతట తానే మనసు మారి, కత్తి పట్టుకుని వచ్చి, పోరాడి ప్రాణం విడిచాడు. నమాజు వేళ రాకముందే పోయాడు. "నచ్చకపోతే ఆపేస్తాం" అన్న మాట ఆ పేటలో ఎంత నిజమో ఈ ఒక్క మనిషిని చూస్తే తెలుస్తుంది.

ఇక ఈటె పట్టుకొచ్చిన ఉసైద్ ఏమయ్యారో తెలుసా? ఖుర్ఆన్ అంత మధురంగా చదివేవాళ్లు కొద్దిమందే అన్న పేరొచ్చింది. ఒక రాత్రి ఆయన బఖరా సూరా (అధ్యాయం) చదువుతుంటే పక్కన కట్టేసిన గుర్రం బెదిరిందనీ, తలెత్తి చూస్తే దీపాల్లాంటివి ఉన్న మేఘం కనిపించిందనీ బుఖారీలో ఉంది. అవి నీ పారాయణం వినడానికి వచ్చిన దైవదూతలు అన్నారు ప్రవక్త (స).

మరుసటి ఏడు, 622లో, ముస్అబ్ మక్కాకు వచ్చారు. ఆయనతో వచ్చిన అన్సార్లలో, అంటే యస్రిబ్ ముస్లిములలో, డెబ్భై ముగ్గురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు అఖబాలో రెండో ప్రమాణం చేశారు. పన్నెండు ఎక్కడ, డెబ్భై అయిదు ఎక్కడ! హిజ్రత్‌కు, అంటే ప్రవక్త (స) మక్కా విడిచి మదీనాకు వెళ్లడానికి, దారి పడింది అక్కడే. ఒక్క కత్తి దూయకుండా పడిన దారి అది.

ఆ రాకలో ఆయన ముందు ప్రవక్త (స) దగ్గరికి వెళ్లారు. తల్లికి తెలిసింది. కబురు పంపింది: "ఓరి మాట వినని కొడకా, నేనున్న ఊరికొచ్చి ముందు నా దగ్గరికి రావా?" కోపమేనా అందులో ఉన్నది? నాకైతే కోపం కంటే బాధే వినిపిస్తుంది. వెళ్లారు. మళ్లీ బంధించాలని చూసింది, ఆయన ఒప్పుకోలేదు. ఆమె ఏడ్చింది. "అమ్మా, నీ మంచి కోరి చెప్తున్నాను, ఈ ఒక్క సాక్ష్యం పలుకు" అన్నారు. ఆమె పలకలేదు. నలుగురూ నన్ను తెలివితక్కువదంటారు, నీ దారి నీది, నా దారి నాది అంది. యస్రిబ్‌లో రెండు తెగల మనసు గెలిచిన మనిషి, కన్నతల్లి మనసు గెలవలేకపోయారు. ఇంట్లో మాట చెల్లలేదని కుమిలిపోయేవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, ఇది విని కాస్త ఊరట పడండి. మాట చెప్పడం మన చేతిలో ఉంది. అంతవరకే.

బద్ర్ దగ్గర ఎక్కువ సేపు ఆగను. మక్కా ఖురైష్‌తో ముస్లిముల యుద్ధం అది, 624. ముస్లిముల జండా ముస్అబ్ చేతిలో ఉంది. యుద్ధం అయ్యాక ఖైదీల్లో సొంత తమ్ముడు అబూ అజీజ్ ఉన్నాడు. ఒక అన్సారీ అతన్ని కడుతున్నాడు. ముస్అబ్ అటుగా వెళ్తూ, "గట్టిగా కట్టు, వీడి తల్లి డబ్బున్న మనిషి, విడిపించుకుంటుంది" అన్నారు. "ఓ అన్నా, నా గురించి నువ్వు చెప్పే మాట ఇదేనా?" అన్నాడు తమ్ముడు. "నువ్వు కాదు, నిన్ను కడుతున్న అతనే నా అన్నదమ్ముడు" అన్నారు. కఠినంగా ఉంది కదా? ఉంది. అయితే పూర్తిగా వినండి. అదే అబూ అజీజ్ తర్వాత చెప్పాడు: ఖైదీలను బాగా చూడమని ప్రవక్త (స) చెప్పారు గనక, నన్ను పట్టుకున్న అన్సార్లు రొట్టె నాకు పెట్టి వాళ్లు ఖర్జూరాలు తినేవాళ్లు. ఎవరి చేతికి రొట్టె ముక్క దొరికినా నాకే ఇచ్చేవాడు. నాకు సిగ్గేసి తిరిగిచ్చినా తీసుకునేవాళ్లు కాదు. గట్టిగా కట్టిన చేతులే రొట్టె పెట్టాయి. రెండూ కలిపి చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి వదిలేయకూడదు.

ఉహుద్. హిజ్రీ మూడో ఏడు, షవ్వాల్ నెల. 625. ఉమ్రాకు, మక్కా యాత్రకు, వెళ్లొచ్చినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మదీనాలో జియారత్ (దర్శనం) బస్సు మిమ్మల్ని అక్కడ దింపి ఉంటుంది. కాసేపు టైమిచ్చి ఉంటారు. విలుకాళ్ల గుట్ట ఎక్కి ఫోటో దిగి, కింద ఖర్జూరాలు బేరమాడి బస్సెక్కి ఉంటారు. అక్కడ ప్రహరీ లోపల సమాధుల్లో ఉన్నవాళ్లలో ముస్అబ్ ఒకరు.

ఖురైష్ సైన్యం మూడు వేలు. ముస్లిములు వెయ్యి మంది బయల్దేరితే, మదీనా పెద్దల్లో ఒకడైన అబ్దుల్లా బిన్ ఉబై మూడు వందల మందితో వెనక్కి తిరిగిపోయాడు. మిగిలింది ఏడు వందలు. ఇప్పుడు మొదట చెప్పిన అబ్దుద్దార్ వంశాన్ని గుర్తు చేసుకోండి. ఖురైష్ జండా ఎవరి చేతిలో ఉంటుంది? వాళ్ల చేతిలోనే. ఖురైష్ నాయకుడు అబూ సుఫ్యాన్ వాళ్లను రెచ్చగొట్టాడు: బద్ర్‌లో జండా మీ చేతిలోనే ఉంది, ఏమైందో చూశాం, పట్టుకోలేకపోతే చెప్పండి, మేం పట్టుకుంటాం అని. వాళ్లకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇటు ప్రవక్త (స) అడిగారు, శత్రువు జండా ఎవరిదని. అబ్దుద్దార్ వాళ్లదన్నారు. ముస్అబ్ ఎక్కడ అని పిలిచి, ముస్లిముల జండా ఆయనకిచ్చారు. అంటే రెండు సైన్యాలు, రెండు జండాలు, పట్టుకున్న వంశం ఒకటే. అటు తల్హా, అతని అన్నదమ్ములు, అతని కొడుకులు ఒకరి తర్వాత ఒకరు జండా పట్టుకుని నేలకొరిగారు. ముస్అబ్ కళ్ల ముందు పడిపోతున్నది ఆయన సొంత చుట్టాలు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. గుట్ట మీద యాభై మంది విలుకాళ్లు. గెలిచేశాం అనుకుని వాళ్లలో ఎక్కువమంది దిగిపోయారు. వెనక నుంచి గుర్రాలొచ్చాయి. అంతా తారుమారైంది. అందరూ చెదిరిపోతుంటే జండా పట్టుకున్నవాడు కదలకూడదు. అదే ఆ పని. ఇబ్న్ ఖమిఆ అనేవాడు గుర్రమ్మీద వచ్చి ఆయన కుడిచెయ్యి నరికాడు. ఎడమచేత్తో పట్టుకున్నారు. ఎడమచెయ్యీ నరికాడు. మిగిలిన చేతులతో గుండెకు అదుముకున్నారు. "ముహమ్మద్ ఒక ప్రవక్త మాత్రమే, ఆయనకు ముందు ఎందరో ప్రవక్తలు గతించారు" అంటూ ఉన్నారని ఇబ్న్ సఅద్ కథనం. మూడోసారి ఈటెతో పొడిచాడు. తాను చంపింది ప్రవక్తనే అనుకుని ఇబ్న్ ఖమిఆ వెళ్లి, ముహమ్మద్‌ను చంపేశానని చెప్పుకున్నాడు. ఆ పుకారు విని ఎందరో చతికిలబడిపోయారు. "ప్రవక్త మాత్రమే" అన్న మాట ఆ నిమిషంలో ఎంత అవసరమో చూడండి.

ఆ సాయంత్రం మదీనాకు తిరిగొస్తుంటే దారిలో హమ్నా బింత్ జహష్ (రజి) ఎదురొచ్చారు. ముస్అబ్ భార్య. ఆమెకు సోదరుడు అబ్దుల్లా పోయాడని చెప్పారు. ఇన్నా లిల్లాహి, అంటే మనం దేవుడికి చెందినవాళ్లం అన్న మాట, చదివి, ఆయన కోసం క్షమాపణ వేడుకున్నారు. మేనమామ హమ్జా పోయారని చెప్పారు. మళ్లీ అలాగే. భర్త ముస్అబ్ పోయారని చెప్పారు. ఒక్కసారిగా కేక పెట్టి ఏడ్చేశారు. ప్రవక్త (స) ఏమన్నారు? ఏడవకూడదు అన్నారా? సబర్ (ఓర్పు) లేదా అని గద్దించారా? లేదు. "ఆడదాని మనసులో భర్త స్థానం వేరు" అన్నారు. అంతే. భర్త పోయిన ఇంటికి పరామర్శకు వెళ్లి ఏడుస్తున్నామెకు సబర్ పాఠాలు చెప్పే పెద్దలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది.

ఇక కఫన్. చెప్తానన్నాను కదా. ఇంకో సహచరుడు ఖబ్బాబ్ (రజి) చెప్పారు. ముస్అబ్ దగ్గర ఉన్నది ఒక్క చారల దుప్పటి. తల కప్పితే పాదాలు, పాదాలు కప్పితే తల. తలకు కప్పి, పాదాల మీద ఇజ్ఖిర్ వేయమన్నారు ప్రవక్త (స). ఇజ్ఖిర్ అంటే నిమ్మగడ్డి జాతి వాసన గడ్డి. మక్కా వాళ్లు ఇళ్ల కప్పులకు, సమాధులకు వాడేవాళ్లు. హరమ్‌లో, అంటే మక్కా పవిత్ర హద్దుల్లో, మొక్క కోయకూడదన్న నియమం నుంచి కూడా దీనికి మినహాయింపు ఉంది. ఖబ్బాబ్ ఇంకో మాట కూడా అన్నారు, దాన్ని మనం వదిలేస్తుంటాం. "మాలో కొందరు తమ ప్రతిఫలంలో ఏమీ తినకుండానే వెళ్లిపోయారు, ముస్అబ్ వాళ్లలో ఒకరు. ఇంకొందరికి పళ్లు పండాయి, కోసుకుంటున్నారు." ఆ కోసుకునేవాళ్లలో తామూ ఉన్నామని ఆయన భయం. అదే భయం అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గారికి. పెద్ద వ్యాపారి, డబ్బుకు లోటు లేదు. ఒక రోజు ఉపవాసం ఉన్నారు, ఇఫ్తార్‌కు భోజనం తెచ్చి పెట్టారు. "ముస్అబ్ నాకంటే గొప్పవాడు, ఒక్క దుప్పట్లో పోయాడు. మా మంచి పనుల ఫలం మాకిక్కడే ముట్టిపోయిందేమో" అని ఏడ్చి, అన్నం వదిలేసి లేచిపోయారు.

ఒక్క మనిషి సంగతి బాకీ ఉన్నాను. ఉస్మాన్ బిన్ తల్హా. ముస్అబ్ నమాజు చూసి తల్లికి చెప్పిన మనిషి. ఈయన కూడా చెడ్డవాడు కాదు. హిజ్రత్ సమయంలో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) పసిబిడ్డతో ఒంటరిగా మదీనాకు బయల్దేరితే, అప్పటికి ముస్లిం కాకపోయినా, ఒంటె ముకుతాడు పట్టుకుని మదీనా పొలిమేరలోని ఖుబా దాకా నడిచి దిగబెట్టింది ఈయనే. అంత మర్యాదస్తుణ్ణి అరబ్బుల్లో నేను చూడలేదు అన్నారామె. ఉహుద్‌లో ఖురైష్ జండా పట్టుకుని పడిపోయిన తల్హా ఈయన కన్నతండ్రి. బాబాయి, అన్నదమ్ములు కూడా ఆ రోజే పోయారు. అంత పోగొట్టుకున్న మనిషి, హిజ్రీ ఎనిమిదో ఏట తనంతట తానే మదీనాకు వచ్చి ఇస్లాం స్వీకరించారు. 630లో మక్కా చేతికొచ్చిన రోజు కాబా తాళంచెవి మాకివ్వండని ప్రవక్త (స) సొంత బంధువులే అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఉస్మాన్‌ను పిలిచి, ఆయన చేతికే తిరిగిచ్చారు. ఇవాళ్టికీ ఆ తాళంచెవి ఆ వంశం దగ్గరే ఉంది.

ఇషా నమాజుకు ఇంకా కాస్త టైముంది. ప్రశ్నలుంటే అడగండి. అమ్మల వైపు నుంచి చీటీ రాసి పంపినా సరే. హిందూ మిత్రులు కూడా మొహమాట పడకుండా అడగొచ్చు. నేను చెప్పింది నచ్చకపోతే అదీ చెప్పండి.